పొడవాటి చెక్క పడవ: తొలిచినదా, కుట్టినదా, రివెట్లదా? ఎవరికి ఏది సరిపోతుంది

పొడవాటి సంప్రదాయ చెక్క పడవ కట్టించుకోవాలనో, పాతది కొని బాగుచేయించాలనో అనుకునేవాళ్లు సాధారణంగా రూపం దగ్గర మొదలుపెడతారు. పైకి లేచిన ముక్కు, సన్నటి నడుము, వరసగా తెడ్లు. చూపు అక్కడే ఆగిపోతుంది. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఏడాదిలో ఆ పడవ ఎన్ని రోజులు నీళ్లలో ఉంటుంది, ఎన్ని రోజులు ఒడ్డున ఎండుతుంది? ఈ లెక్క తేలితే ఉన్న ఐదు రకాల కట్టుబడుల్లో రెండు మూడు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

ఆ ఐదు ఇవి. ఒకే దుంగను తొలిచి చేసినది. పలకలను తాడుతో కుట్టినది. ఒక పలక అంచు మీదికి ఇంకో పలక అంచు ఎక్కించి రివెట్లు కొట్టినది, దీన్ని క్లింకర్ అంటారు. పలకలను అంచుకు అంచు ఆనించి సందుల్లో నూలు దట్టించినది, ఇది కార్వెల్. ఇక క్లింకర్ రూపంలోనే మెరైన్ ప్లైవుడ్‌ను ఎపాక్సీ జిగురుతో అతికించినది. చివరిదాని పేరెత్తితే పాతకాలపు పనివాళ్లు మొహం చిట్లిస్తారు. అయినా ఈరోజు పడవ ఎంచుకునేవాళ్ల ముందు అది కూడా ఉంటుంది కాబట్టి పోలికలో ఉంచాల్సిందే.

## ముందు చూసుకోవాల్సినవి

తడి, ఎండ. పొడి చెక్క నీరు పీల్చి, తేమ 28-30 శాతానికి చేరేదాకా ఉబ్బుతూనే ఉంటుంది. ఆరేటప్పుడు అంతే తిరిగి కుదించుకుపోతుంది. పొడవులో ఈ మార్పు లేనట్టే లెక్క, జరిగేదంతా వెడల్పులోనే. పలకను దుంగలోంచి ఎలా తీశారన్నది కూడా ఇక్కడే తేలుతుంది. దుంగ వలయాల వెంట కోసిన పలక, నడిమధ్య నుంచి బయటికి చీల్చిన పలకతో పోలిస్తే దాదాపు రెట్టింపు కుదించుకుపోతుంది, పైగా వంకర తిరుగుతుంది. వారానికోసారి నీళ్లలో దిగి మిగతా ఆరు రోజులు ఎండలో పడి ఉండే పడవకు, ఏడాదంతా రేవులో తేలుతూ ఉండే పడవకు ఒకే కట్టుబడి పనికిరాదని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

పొడవు తెచ్చే చిక్కు. చిన్న పడవకు లేని జబ్బు ఒకటి పొడవాటిదానికి ఉంటుంది. కొనలు సన్నగా ఉండటంతో వాటిని తేల్చే నీరు తక్కువ. నడుము వెడల్పు, అక్కడ నీరు గట్టిగా పైకి నెడుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే రెండు కొనలూ కిందికి వాలి నడుము పైకి ఉబుకుతుంది. ఒడ్డున సరైన ఆనికలు లేకపోతే ఏళ్లు పట్టే ఈ పని నెలల్లోనే అయిపోతుంది. 12 మీటర్ల పడవకు అడుగుదూలం కింద ఈ కొన నుంచి ఆ కొన దాకా సుమారు రెండు మీటర్లకొకటి చొప్పున దిమ్మలు పెట్టాలి. పక్కల నిలబెట్టే కర్రలు పడవ ఒరగకుండా ఆపడానికే, వాటి మీద బరువు పడకూడదు. పడితే ఆ చోట పలక లోపలికి సొట్టపోతుంది.

పురుగు, పుచ్చు. ఉప్పునీరు చెక్కను అంత తేలిగ్గా పుచ్చనివ్వదు, కానీ అక్కడ టెరిడో ఉంటుంది. దీన్ని పురుగంటారు గానీ పుట్టుకకు ఆల్చిప్పల కుటుంబం. గుండుసూది తలంత రంధ్రంలోంచి పిల్లగా దూరి, లోపలే పెరిగి, పలక పొడవునా సొరంగాలు తవ్వుతుంది. పై నుంచి చూస్తే పలక నిక్షేపంలా ఉంటుంది. మంచినీళ్లలో ఇది బతకలేదు కాబట్టి కొన్ని వారాల పాటు పడవను నదిలోకి తెచ్చి ఉంచడం పాత వైద్యం. వాననీటిది ఇంకో బాధ. చెక్కలో తేమ 20 శాతం దాటి, గాలి ఆడకపోతే పుచ్చు మొదలవుతుంది. అందుకే కింది నుంచి కారే సముద్రపు నీటి కంటే పై నుంచి పడే వాన చెక్క పడవలను ఎక్కువగా చంపుతుంది.

చేతులు. చెడిపోయిన రోజున దాన్ని విప్పి సరిచేయగలవాళ్లు అందుబాటులో ఉన్నారా? కుట్టు పడవకు కుట్టేవాళ్లు, క్లింకర్‌కు రివెట్లు కొట్టే ఇద్దరు, కార్వెల్‌కు నూలు దట్టించే చెయ్యి కావాలి. కట్టుబడి ఎంత గొప్పదైనా ఆ చెయ్యి దొరకకపోతే పడవ షెడ్డులో బొమ్మగా మిగిలిపోతుంది.

మోత. ఎంతమంది కలిసి దాన్ని నీళ్లలోకి దించుతారో ముందే లెక్క వేసుకోవాలి. న్యూజిలాండ్‌లోని వైతాంగిలో ఉన్న మావోరీల యుద్ధపడవ ఙాతోకిమాతాఫావోరువాను 1940లో కౌరీ మానులతో చేశారు. పొడవు 35 మీటర్ల పైమాటే. ఎండినప్పుడు 6 టన్నులుండే ఆ పడవ నానాక 12 టన్నులవుతుందని చెబుతారు. దించినప్పటి బరువే తిరిగి పైకి లాగేటప్పుడూ ఉంటుందనుకుంటే పొరపాటు.

| | తొలిచినది | కుట్టినది | క్లింకర్ | కార్వెల్ | ప్లైవుడ్ జిగురు |
|---|---|---|---|---|---|
| మాటిమాటికి ఎండటం | పగుళ్లిస్తుంది | కుట్లు వదులవుతాయి | కొంతవరకు ఓర్చుకుంటుంది | ఓర్చుకోదు | బాగా ఓర్చుకుంటుంది |
| ఎప్పుడూ నీళ్లలో ఉండటం | ఫర్వాలేదు | పీచు చివుకుతుంది | బాగుంటుంది | చాలా బాగుంటుంది | పూత చెడనంత వరకే |
| బరువు | ఎక్కువ | మధ్యస్థం | తక్కువ | ఎక్కువ | అన్నిటికంటే తక్కువ |
| ఇసుక ఒడ్డుకు లాగడం | అడుగు అరుగుతుంది | చాలా బాగుంటుంది | అడుగున అరుగుబద్ద ఉండాలి | సందులు కదులుతాయి | గీత పడితే నీరు దూరుతుంది |
| ఇంజిన్ అదురు | తట్టుకుంటుంది | పనికిరాదు | చిన్న ఇంజిన్ వరకు | బాగా తట్టుకుంటుంది | చిన్న ఇంజిన్ వరకు |
| తప్పనిసరి పని | పగుళ్ల కాపలా, నూనె | ఏడాది రెండేళ్లకు తిరిగి కుట్టడం | తారు లేదా రంగు, వదులైన రివెట్లు | సందుల నూలు, లప్పం, రంగు | రంగు, అంచుల కాపలా |

## దుంగను తొలిచిన పడవ

వయసులో అన్నిటికంటే పెద్దది ఇదే. నైజీరియాలో 1987లో బయటపడ్డ డుఫునా పడవ సుమారు 8,000 ఏళ్లది, పొడవు 8 మీటర్ల పైన. అతుకులు లేవు, మేకులు లేవు, కారే సందు లేదు. ఇన్ని సుగుణాలకు ఒక్కటే వెల: మంచి మాను. అంత లావు, అంత తిన్నగా, కింది భాగంలో కొమ్మలు లేకుండా పెరిగినది దొరకాలి. దొరికినా నరకడానికి చట్టం ఒప్పుకోవాలి. మాను ఖాయం కాకముందే పడవ కొలతలు గీసుకోవడం వృథా శ్రమ.

పనిలో అసలు కష్టం మందం సరిచూసుకోవడం. లోపల బాడిశతో చెక్కుతున్నవాడికి బయటి పక్క ఎంత దూరంలో ఉందో తెలియదు. దీనికి పాత ఉపాయం ఒకటుంది. బయటి రూపం పూర్తయ్యాక బయటి నుంచే అడుగుకు ఒకటి చొప్పున సన్న రంధ్రాలు వేసి, కావలసిన మందానికి కోసిన చెక్కమేకులు దిగగొడతారు. లోపలి కొనకు మసి పూసి ఉంటుంది. లోపల చెక్కుతుండగా నల్లచుక్క కనిపించగానే అక్కడ ఆపాలి. పక్కలకు 25-40 మి.మీ., అడుగుకు అంతకంటే కాస్త ఎక్కువ ఉంచుతారు.

తొలిచిన దుంగ వెడల్పు మాను వెడల్పు దాటదు. దాటించాలంటే వేడి కావాలి. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో హైడా అనే ఆదివాసీ తెగవారు ఎర్ర సెడార్ పడవలో నీళ్లు నింపి, కాల్చిన రాళ్లు వేసి, చెక్క మెత్తబడ్డాక అడ్డకర్రలతో పక్కలను విడదీసేవారు. ఎస్టోనియాలోని సోమా ప్రాంతంలో ఆస్పెన్ చెక్కతో నిప్పు సెగ మీద ఇదే పని చేస్తారు. ఆ విద్య అంతరించిపోకుండా కాపాడాల్సిన వాటిలో ఒకటని యునెస్కో 2021లో జాబితాకు ఎక్కించింది.

చెడేది కొనల దగ్గర. చెక్క కొనల నుంచి నీరు పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా ఆవిరైపోతుంది, పగులు అక్కడ పుడుతుంది. మాను పడేసిన రోజే కొనలకు మైనమో మందపాటి రంగో పూయాలి. దుంగ నడిమి బెండు పడవలో మిగలకుండా చూసుకోవాలి, ఎందుకంటే పగుళ్లు దాని నుంచే బయలుదేరతాయి. పగులు వచ్చాక దాన్ని గట్టి జిగురుతో నింపితే, నానినప్పుడు చెక్క ఉబ్బి ఆ ముద్దను ఒత్తి, పగులును ఇంకా ముందుకు తోస్తుంది. తారులో ముంచిన పీచు దట్టించి, పగులుకు అడ్డంగా డమరుకం ఆకారపు చెక్కబిళ్లను పొదగడం మేలు.

## కుట్టు పడవ

ఈజిప్టులో ఖుఫు పిరమిడ్ పక్కన 1954లో దొరికిన 43 మీటర్ల సెడార్ నావ పలకలు తాళ్లతో కట్టినవే. డెన్మార్క్‌లో దొరికిన యోర్ట్‌స్ప్రింగ్ పడవ క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దం నాటిది, అదీ కుట్టుదే. మన కోరమండల్ తీరంలో రేవులు లేని రోజుల్లో ఓడ నుంచి ఒడ్డుకు మనుషులనూ సరుకునూ చేర్చిన మసూలా పడవలకు లోపల పక్కటెముకలే ఉండేవి కావు. అజంతా చిత్రంలోని నౌక ఆధారంగా కట్టిన కుట్టు ఓడ ‘కౌండిన్య’ను 2025 మేలో కార్వార్‌లో భారత నౌకాదళంలోకి తీసుకున్నారు.

ఇనుము లేక కుట్టారని చాలామంది అనుకుంటారు. తీరం సంగతి తెలిసినవాళ్లు అలా అనరు. విరిగిపడే అల పడవను ఇసుక మీద కుదేసినప్పుడు మేకు కొట్టిన పలక మేకు దగ్గర చీలుతుంది, కుట్టిన పలక కదిలి మళ్లీ సర్దుకుంటుంది. రేవు లేని ఒడ్డున రోజూ అలల్లోంచి దిగి ఎక్కే పడవ కావాలంటే ఇప్పటికీ దీనికి సాటి తక్కువ.

కుట్టు వేసే తీరు ఇలా ఉంటుంది. రెండు పలకల అంచుల వెంట 5-7 సెం.మీ.కు ఒకటిగా ఎదురెదురు రంధ్రాలు వేస్తారు. సందు మీద లోపలి వైపు పీచుతోనో గడ్డితోనో చేసిన మెత్తను పరుస్తారు. కొబ్బరితాడును దాని మీదుగా అడ్డంగా, ఏటవాలుగా లాగి, కర్రను మీటగా వాడి బిగిస్తారు. బయటి వైపు తాడు కూర్చునేందుకు సన్న గాడి తీస్తే ఇసుకకు రాసుకుని తెగదు. ప్రతి రంధ్రంలోనూ చిన్న చెక్కమేకు దిగగొట్టాలి. ఒక్కచోట తాడు తెగినా వరసంతా ఊడకుండా ఆపేది ఆ మేకే. దీన్ని బద్ధకించినవాళ్ల పడవ సముద్రం మధ్యలో విచ్చుకుంటుంది. చివర్లో రంధ్రాలను పీచుతోనూ, నూనె కలిపిన సున్నంతోనో గుగ్గిలంతోనో మూస్తారు.

తాడు నాణ్యత దగ్గర రాజీ పనికిరాదు. ఉప్పు కలిసిన కయ్యల్లో నెలల తరబడి నానబెట్టిన డొక్క నుంచి తీసిన పీచు కావాలి. యంత్రంతో పొడిగా కొట్టిన పీచు పెళుసుగా ఉంటుంది. చేపనూనె పట్టిస్తూ ఉంటే తాడు మెత్తగా ఉంటుంది, వాసన సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎంత చేసినా ఏడాదికో రెండేళ్లకో కుట్లు విప్పి మళ్లీ కుట్టుకోవాలి. ఆ వంకన ప్రతి పలకనూ విడిగా చూసుకునే వీలు ఒక్క ఈ పడవకే ఉంది. పుచ్చినదాన్ని తీసి కొత్తది వేయడం మిగతా వాటిలో శస్త్రచికిత్స, ఇక్కడ మామూలు పని.

## క్లింకర్

డెన్మార్క్ సరిహద్దు బురదనేలలో దొరికిన న్యూడామ్ పడవ క్రీ.శ. 320 ప్రాంతానిది, 23 మీటర్ల ఓక్ పడవ, పలకలు ఇనుప రివెట్లతో బిగించినవి. అయిదు వందల ఏళ్ల తర్వాత వైకింగులు చేసింది ఆ పద్ధతినే పలచన చేసి, తెరచాప తొడగడం. 1880లో నార్వేలో తవ్విన గోక్‌స్టాడ్ ఓడకు పక్కకు 16 పలకల వరసలు, 32 తెడ్లు. దాని నమూనాను 1893లో అట్లాంటిక్ దాటించి షికాగో ప్రదర్శనకు తీసుకెళ్లిన మాగ్నస్ ఆండర్సన్, అలల్లో పై అంచు ఆరంగుళాల దాకా మెలితిరిగిందనీ, అయినా ఓడలోకి నీరు పెద్దగా రాలేదనీ రాశాడు. స్కుల్డెలెవ్ 2 అనే యుద్ధనౌక 1042లో డబ్లిన్ దగ్గర కట్టినది, సుమారు 30 మీటర్ల పొడవుకు నాలుగు మీటర్ల లోపు వెడల్పు. డెన్మార్క్‌లోని రోస్కిల్డేలో 2004లో నీళ్లలోకి దించిన దాని నమూనా 2007లో డబ్లిన్ వెళ్లి, 2008లో తిరిగి వచ్చింది. నార్డిక్ దేశాల క్లింకర్ పడవల సంప్రదాయం 2021లో యునెస్కో జాబితాలో చేరింది.

దీని బలమంతా అంచుల అతివ్యాప్తిలో ఉంది. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట మందం రెట్టింపై, పొడవునా ఒక బద్ద వేసినట్టవుతుంది. అందుకే పలకలు పలచగా ఉన్నా చెల్లుతుంది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ పైలట్ గిగ్ అనే తెడ్ల పడవ ఇందుకు చక్కటి రుజువు: 32 అడుగుల పొడవు, 4 అడుగుల 10 అంగుళాల వెడల్పు, ఆరు తెడ్లు, పలక మందం పావు అంగుళమే. 1838లో కట్టిన ‘ట్రెఫ్రీ’ అనే గిగ్ కొలతలే ఇప్పటికీ పందేలకు ప్రమాణం.

పలక మీదికి పలక ఎక్కే వెడల్పు పలక మందానికి రెండు మూడు రెట్లుండాలి. పలచటి పలకలకైతే 18-20 మి.మీ. కంటే తగ్గకూడదు. ఆ మధ్యలో తారులో ముంచిన ఉన్ని పోగు పెడతారు. రివెట్టు కొట్టడానికి ఇద్దరు కావాలి. మేకు కంటే కాస్త సన్నటి రంధ్రం వేసి, బయటి నుంచి రాగి మేకు దించుతారు. లోపలి వైపు మేకు మొనకు రాగి బిళ్ల తొడిగి బిగుతుగా దిగగొట్టి, మేకు మందమంత మిగిల్చి మిగతాది కత్తిరిస్తారు. బయట ఒకరు మేకు తలకు బరువైన ఇనుపదిమ్మ ఆనించి పట్టుకుంటే, లోపలివారు తేలికపాటి సుత్తితో చిన్న చిన్న దెబ్బలతో ఆ మొనను గుండ్రంగా అణచాలి. కొత్త పనివాళ్లు చేసే తప్పు ఇక్కడే. పెద్ద సుత్తితో రెండు దెబ్బల్లో ముగించేస్తారు. బిళ్ల మీద మొన అందంగానే అణుగుతుంది, చెక్క లోపల మాత్రం మేకు వంకరపోతుంది. మొదటి ఏడాది ఏమీ తెలియదు. పడవ మెలితిరుగుతున్న కొద్దీ ఆ వంకర సాగి, రివెట్టు వదులై, ఆ చోట నల్లటి తడిమరక కనిపిస్తుంది.

ఇక చేయకూడని పని ఒకటుంది: ఎండిన క్లింకర్ పడవ కారుతోందని ఎక్కింపు సందులో లప్పమో ఎపాక్సీయో కూరడం. నానగానే పలకలు ఉబ్బి, ఆ ముద్ద దారివ్వక, రివెట్లను సాగదీస్తాయి. ఒక సందు ఆపబోయి పది సందులు వదులు చేసుకున్నట్టవుతుంది. కారడం ఆగకపోతే వదులైన రివెట్లను తిరిగి అణచాలి. అణగనివాటిని లోపలి నుంచి గొరిగి తీసి, ఒక సైజు పెద్ద మేకు వేయాలి. పక్కటెముకలు విరిగేది పడవ అడుగు పక్కకు తిరిగే వంపు దగ్గర. కొత్తదాన్ని ఆవిరి పెట్టి వంచి, పాతదాని పక్కనే వేస్తారు. 25 మి.మీ. మందానికి గంట ఆవిరి చొప్పున లెక్క, పెట్టెలోంచి తీశాక వంచడానికి దొరికే సమయం నిమిషంలోపే.

పలకలను రంపంతో కోయించడం కంటే చీల్చిన చెక్కతో చేయించగలిగితే తేడా ఏళ్ల తరబడి కనిపిస్తుంది. వైకింగులు ఓక్ దుంగను సగానికి, పావుకు, అలా వరసగా చీల్చుకుంటూ పోయి, పచ్చిగా ఉండగానే గొడ్డలితో చదును చేసేవారు. చీలిక చెక్క పోగు వెంటే పోతుంది కాబట్టి పలక పలచగా ఉన్నా విరగదు. వృథా మాత్రం చాలా ఎక్కువ.

## కార్వెల్

అంచుకు అంచు ఆనిన నున్నటి పక్కలు, లోపల దిట్టమైన పక్కటెముకల చట్రం. బరువు, ఇంజిన్, ఏడాదంతా నీటిలో ఉండటం, ఇవన్నీ ఉన్నచోట దీనికే ఓటు. కేరళ పందెపు పాము పడవలైన చుండన్ వళ్లాల్లో అంజిలి చెక్క పలకలు అంచుకు అంచు కలుస్తాయి. వంద అడుగులు దాటిన ఆ పడవలను పందెం లేని రోజుల్లో నీడన ఉంచి నూనె పట్టిస్తారు.

కార్వెల్ ప్రాణం సందులో ఉంది. పలకలు లోపలి వైపు బిగుతుగా ఆనాలి, బయటి వైపు ప్రతి 25 మి.మీ. మందానికి సుమారు 1.5 మి.మీ. చొప్పున విచ్చుకోవాలి. ఆ విచ్చులోకి, పలచటి పలకలకైతే నూలు, 30 మి.మీ. దాటితే తారు పట్టించిన జనపనార, మొద్దు అంచు ఉలితో దట్టిస్తారు. సందు లోతులో సగానికి పైగా నిండాక రంగు పూసి, మిగతా లోతును మెత్తగా ఉండే లప్పంతో మూస్తారు. లోపలి వైపు కూడా విచ్చుకున్న సందైతే నూలు నేరుగా పడవలోకి పడిపోతుంది, ఎంత కొట్టినా నిలవదు.

బాగా ఎండిన పడవకు కసిగా నూలు దట్టించడం ఇక్కడి ప్రధాన తప్పు. ఎండినప్పుడు సందు వెడల్పు, ఇంకా పడుతుంది కదా అని కూరుతారు. నీళ్లలో దిగాక పలకలకు ఉబ్బే చోటు లేక మేకులు తెగుతాయి, పక్కటెముకలు విరుగుతాయి. అందుకే ఒడ్డున నెలల తరబడి ఉంచక తప్పని పడవకు కార్వెల్ ఎంచుకోకపోవడమే తెలివి. వారాంతంలో మాత్రమే ట్రైలర్ మీద వచ్చే పడవకైతే ఇది అస్సలు వద్దు.

## ప్లైవుడ్, ఎపాక్సీ

ప్లైవుడ్ పొరలు అడ్డదిడ్డంగా ఉండటంతో ఉబ్బు, కుదింపు దాదాపు లేవు. ఒడ్డున ఎన్నాళ్లు ఉన్నా దించిన రోజే కారదు. 22 అడుగుల సెయింట్ ఏల్స్ స్కిఫ్‌ను ఇయాన్ ఓట్రెడ్ స్కాట్లాండ్ తీరపు ఊళ్లవాళ్లు సొంతంగా కట్టుకునేలా ఈ పద్ధతిలోనే గీశాడు. నలుగురు తెడ్లు వేస్తారు, ఒకరు చుక్కాని పడతారు.

షీటు మీద మెరైన్ ప్లైవుడ్‌కు బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్ 1088 ముద్ర ఉందా అన్నది చూసుకుని, ఒక ముక్క ఉడకబెట్టి పొరలు విడిపోతున్నాయేమో పరీక్షించండి. షీట్లను పొడవుకు అతికేటప్పుడు ఏటవాలు కోత మందానికి ఎనిమిది రెట్లుండాలి. బలహీనత అంచుల్లో ఉంది. కోసిన ప్రతి అంచూ, వేసిన ప్రతి రంధ్రమూ ఎపాక్సీతో మూయాలి. మూయని ఒక్క మరరంధ్రం చాలు, దూరిన నీరు బయటికి రాలేక లోపలే పుచ్చు పెడుతుంది. ఎపాక్సీని ఎండ తినేస్తుంది కాబట్టి పైన రంగు తప్పదు. పాత చెక్క పడవను పలక పలకగా మార్చుకుంటూ తరాలు నడిపినట్టు దీన్ని నడపలేం. ఈ లోటు ముందే ఒప్పుకుని తీసుకోవాలి.

## మేకు, పూత

ఓక్ లాంటి చెక్కల్లో ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఇనుమును తినేస్తుంది, చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడుతుంది. రాగిగానీ కంచుగానీ మేలు. రాగినీ ఇనుమునూ కలపడం మాత్రం సముద్రంలో ప్రమాదం. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలార్మ్ అనే ఓడ అడుగుకు రాగిరేకు తొడిగితే పురుగు దూరలేదు గానీ, ఆ రాగి తగిలిన ఇనుప మేకులు రెండేళ్లకే కరిగిపోవడం కనిపించింది.

పూతల్లో పైన్ తారు, అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపినది పాత పద్ధతి. చెక్కలోకి ఇంకుతుంది, పొరగా లేవదు, మరుసటి ఏడాది గీకకుండానే మళ్లీ పూయొచ్చు. వెచ్చటి రోజున పలచగా రెండుసార్లు పూయాలి. మందంగా పూస్తే నెలల తరబడి బట్టలకంటుతుంది. ఎండ మండే చోట దీనికో పెద్ద లోపం: నల్లటి పడవ వేడెక్కి సందులు విచ్చుకుంటాయి. అలాంటి చోట నీటి పై భాగానికి లేతరంగు పెయింటే మంచిది. వార్నిష్ చూడ్డానికి బాగుంటుంది. మొదట ఆరేడు పూతలు, తర్వాత ఏటా రెండు వేయగలిగితేనే దాని జోలికి వెళ్లండి, ఒక్క ఏడాది తప్పితే మొత్తం గీకాల్సి వస్తుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకూడదు, అవి తమంతట తామే అంటుకుంటాయి. విడదీసి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

## ఎవరికి ఏది

ట్రైలర్ మీద ఊరూరా తిరిగే తెడ్డు జట్టుకు ప్లైవుడ్. పందెం నియమం అసలు చెక్కే కావాలంటే పలచటి క్లింకర్ తీసుకుని, ప్రయాణానికి ముందు రోజు లోపల తడి గోనెలు పరచాలి.

ఏడాదికోసారి ఉత్సవానికి దిగే పడవకు తొలిచినదైనా క్లింకరైనా సరే, అసలు ఖర్చు షెడ్డుకు పెట్టుకోవాలి. నేల మట్టిదిగా, నీడగా, గాలి మెల్లగా ఆడేలా ఉన్న షెడ్డు సిమెంటు గచ్చు మీది రేకుల షెడ్డు కంటే నయం. రేకు కింద చెక్క ఎండి పగులుతుంది.

రోజూ ప్రయాణికులనో సరుకునో ఇంజిన్‌తో తిప్పేవారికి కార్వెల్. అలల్లోంచి ఇసుక ఒడ్డుకు లాగేవారికి, కుట్టేవాళ్లు దొరికితే కుట్టు పడవ, లేకపోతే అడుగుదూలానికి అరుగుబద్ద తొడిగిన క్లింకర్. అరుగుబద్దను మరలతో బిగించాలి, జిగురు పెట్టకూడదు, రెండు మూడేళ్లకు దాన్ని మార్చాల్సి ఉంటుంది.

ఒక్కరే ఉండి, పనివాళ్లు అందుబాటులో లేనివారికి ఆరేడు మీటర్లు దాటిన ఏ పడవా మంచి సలహా కాదు.

## పాతది కొంటుంటే

ముక్కు కొన నుంచి వెనక కొనకు పై అంచు మీదుగా దారం లాగి, అసలు గీతతో పోల్చి చూడండి. కొనలు వాలిన పడవను తిరిగి నిలబెట్టడం చట్రం మొత్తం విప్పే పని. తర్వాత దబ్బనం తీసుకుని అడుగుదూలం పక్క మొదటి పలక, కొనల్లో పలకలు కలిసే చోటు, పక్కటెముకల మొదళ్లు, పై అంచు కింది భాగం పొడిచి చూడాలి. చేవ ఉన్న చెక్కలో మొన దిగదు, తీస్తే టక్కుమంటుంది. పుచ్చినదాంట్లో చప్పుడు లేకుండా దిగుతుంది. పక్కటెముకల కింద నీరు పారే చిన్న కంతలు చెత్తతో మూసుకుపోయి ఉంటే ఆ పైన పుచ్చు ఉందనే అనుకోండి. కొత్తగా వేసిన మందపాటి రంగును చూసి మురిసిపోకండి, ముందుగా దాని కిందే పొడవండి.

## ఎండిన పడవను నీళ్లలోకి దించేటప్పుడు

దించడానికి మూడు నాలుగు రోజుల ముందు నుంచి లోపల తడి గోనెలు పరచి, రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లండి. పడవలో నీళ్లు నింపి ఒడ్డున ఉంచకండి, అడుగు ఆ బరువును మోయలేదు. దించాక లోతు తక్కువగా ఉండి, అడుగు మెత్తగా ఉన్నచోట కట్టేసి, పంపు దగ్గర ఒక మనిషిని ఉంచండి. నిండా నీరెక్కిన పడవను తాళ్లతో పైకెత్తకూడదు, ముందు తోడేయాలి. క్లింకర్ ఒకటి నుంచి మూడు రోజుల్లో, కార్వెల్ వారంలోపు సర్దుకుంటాయి. మంచినీటిలో ఉండే పడవ అడుగున కొందరు రాళ్లుప్పు చల్లుతారు, పుచ్చు తగ్గుతుంది నిజమే, కానీ ఇనుప మేకులున్న పడవలో అది మేకులను తింటుంది. కారే చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, రోజూ నీటి మట్టం రాసుకోండి. వారం దాటినా అదే గుర్తు దగ్గర ధార ఆగకపోతే అది ఎండు వల్ల వచ్చింది కాదు. పడవను పైకి లాగి ఆ సందునో, ఆ రివెట్ల వరసనో విప్పి చూడాల్సిందే.